ప్రాణం దక్కితే చాలా?

న్యూజిలాండ్‌లో ఆడవాళ్లకు రెండేళ్లకోసారి ఉచితంగా చేసే మామోగ్రామ్ పరీక్ష చాలాకాలం 45 నుంచి 69 ఏళ్ల వారికే పరిమితమైంది. దాన్ని 74 ఏళ్ల దాకా పెంచడానికి 2024 బడ్జెట్‌లో ప్రభుత్వం డబ్బు కేటాయించింది. మంచి నిర్ణయమే, అందరూ మెచ్చుకున్నారు. ఈ చిన్న దేశంలోనే ఏటా దాదాపు 3,500 మంది ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ బయటపడుతోంది. ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుందని లెక్క. ఇక మన దేశం సంగతి చూస్తే, 2022 ఒక్క ఏడాదిలోనే సుమారు 1,92,000 కొత్త కేసులు, 98,000 మరణాలు ఉంటాయని అంతర్జాతీయ అంచనా.

తొందరగా కనిపెట్టాలి, తొందరగా ఆపరేషన్ చేయాలి, ప్రాణం కాపాడాలి. ప్రభుత్వాలైనా, పత్రికలైనా, మనమైనా ఇంతవరకే మాట్లాడతాం. ప్రాణం దక్కాక ఇంటికొచ్చిన మనిషి సంగతేమిటి? స్నానాల గదిలో అద్దంవైపు చూడలేక తల తిప్పుకొనే ఆడవాళ్లు, పెళ్లిపిలుపు వస్తే ఏదో వంక చెప్పి ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు మన మధ్య ఉన్నారు. వాళ్ల బాధకు ఏ లెక్కలోనూ చోటు లేదు. ఆస్పత్రి లెక్కలో ఆవిడ కోలుకున్న మనిషి. ఇంట్లోవాళ్ల లెక్కలో అదృష్టవంతురాలు. ఆమె లెక్క ఏమిటన్నది మాత్రం ఎవరూ అడగరు.

ఆరోగ్యం మీద ఇంజనీరింగ్ డిప్లొమా చదివినవాడు రాయడమేమిటి అనుకోవచ్చు. ఇది డాక్టర్లు చెప్పాల్సిన వైద్యం కాదు. మన కుటుంబాల్లో జరుగుతున్న విషయం, వీసా కాగితాలతో ముడిపడిన విషయం. కాబట్టి మగవాళ్లు కూడా మాట్లాడాల్సిందే.

వేలు పోతే ఒక లెక్క, రొమ్ము పోతే ఒక లెక్క

న్యూ లిన్ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల లేస్తున్న అపార్ట్‌మెంట్లలో, ఆక్లాండ్ అంతటా ఉన్న సైట్లలో పనిచేసే మనవాళ్లందరికీ ఏసీసీ అంటే ఏమిటో తెలుసు. 1974 నుంచి ఉన్న ప్రమాద పరిహార పథకం అది. సైటులో రంపం తగిలి వేలు తెగితే వైద్యం ఖర్చు అదే చూసుకుంటుంది. పనికి వెళ్లలేకపోతే సంపాదనలో 80 శాతం దాకా వారం వారం ఇస్తుంది. కాలు పోతే కృత్రిమ కాలు ఇప్పిస్తుంది. శాశ్వత లోపం ఒక స్థాయి దాటితే ఒకేసారి కొంత మొత్తం కూడా ఇస్తుంది. మనిషి ఏ వీసా మీద ఉన్నాడన్నది కూడా పెద్దగా చూడదు.

అదే ఇంట్లో భార్యకు క్యాన్సర్ వచ్చి రొమ్ము తీసేస్తే ఏసీసీకి సంబంధం లేదు. కారణం, అది జబ్బు, ప్రమాదం కాదు. పని వల్ల వచ్చిన జబ్బుకో, వైద్యంలో జరిగిన హానికో తప్ప ఆ పథకం వర్తించదు. చట్టం అలా ఉంది, దాన్ని ఇప్పటికిప్పుడు తప్పుపట్టి లాభం లేదు. కానీ ఆ చట్టం వెనకున్న ఆలోచన మన ఇళ్లలోనూ ఉంది, అక్కడే ఇబ్బంది. చెయ్యి పోతే పని ఆగిపోతుంది కాబట్టి అందరికీ అది నష్టమే. రొమ్ము పోతే వంట ఆగదు, పిల్లల్ని బడికి పంపడం ఆగదు, క్లీనింగ్ షిఫ్టుకు వెళ్లడం ఆగదు. పని ఆగలేదు కాబట్టి నష్టం ఏమీ జరగలేదని అనేసుకుంటాం. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకేం అవసరం?" అనే మాట ఎందరి నోటో వచ్చేది ఇందుకే. అన్నవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. విన్న మనిషికి మాత్రం అది రెండో కోత.

బాధ ఎక్కడెక్కడ ఉంటుంది?

ఈ బాధ ఉత్త సిగ్గో, అందం మీద మోజో కాదని వైద్యరంగం ఎప్పుడో ఒప్పుకుంది. 2001లో బ్రిటన్‌లో హాప్‌వుడ్ అనే నిపుణురాలి బృందం క్యాన్సర్ రోగుల కోసం పది ప్రశ్నల పట్టిక తయారుచేసింది. బట్టలు వేసుకున్నాక తన రూపం తనకు నచ్చుతోందా, తన ఒంటిని చూసుకోవడం కష్టంగా ఉందా, మనుషుల్ని తప్పించుకు తిరుగుతోందా, ఒంట్లో ఏదో వెలితి అనిపిస్తోందా... ఇలాంటి సంగతులు అందులో ఉంటాయి. ప్రపంచంలో చాలా చోట్ల ఇప్పటికీ ఆ పట్టికే వాడుతున్నారు. అంటే ఇది కొలవదగిన బాధ, చికిత్సలో భాగంగా చూడాల్సిన బాధ అన్నమాట.

మన ఆడవాళ్లకు ఇంకొన్ని తోడవుతాయి. మన జాకెట్టు ఒంటికి అతుక్కుని ఉండే బట్ట. ఒక పక్క చదునుగా ఉంటే పైట ఎంత సర్దుకున్నా తేడా తెలిసిపోతుందని భయం. చంకలోని గ్రంథులు తీసేస్తే కొందరికి ఆ వైపు చెయ్యి వాస్తుంది. దాన్ని లింఫెడీమా అంటారు. పాత గాజులు ఎక్కవు, జాకెట్టు చెయ్యి బిగుసుకుపోతుంది. మన దగ్గర గాజులు లేని చెయ్యి అంటే ఎలా చూస్తారో చెప్పనక్కర్లేదు. కీమోతో జుట్టు పోతుంది. వాలుజడ, పూలు అలవాటైన మనిషికి అది చిన్న విషయం కాదు. జుట్టు కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది, రొమ్ము రాదు. హార్మోన్ మాత్రలు ఏళ్ల తరబడి వేసుకోవాల్సి వస్తే ఒంటి ఆవిర్లు, కీళ్లనొప్పులు, అలసట కూడా పట్టుకోవచ్చు. భార్యాభర్తల మధ్య దూరం పెరిగినా దాని గురించి అడిగేవాళ్లూ ఉండరు, చెప్పేవాళ్లూ ఉండరు.

పైగా ఆ మాటే మనకు నోట రాదు. గుండె ఆపరేషన్, కిడ్నీ ఆపరేషన్ అని ధైర్యంగా చెప్తాం. దీన్ని మాత్రం "లోపల గడ్డ తీశారు" అని సరిపెడతాం. ఇండియాలో అత్తమామలకు తెలియకూడదంటారు. చెల్లెలి పెళ్లి సంబంధాలు చెడతాయని దాస్తారు. దాచిన కొద్దీ ఆవిడ ఒంటరిదవుతుంది.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఆవిడ ఆపరేషన్ అయ్యాక రెండేళ్లు బతుకమ్మకు రాలేదు. నీరసంగా ఉందనే అనుకున్నారు అందరూ. అసలు కారణం పాత జాకెట్లు ఒక పక్క వేలాడుతున్నాయి, కొత్తవి కుట్టించుకోవాలంటే కొలతలిచ్చే ధైర్యం లేదు. చివరికి కుట్టుపని తెలిసిన మన తెలుగావిడే ఒకామె లోపల అరలాగా కుట్టి, అందులో ప్యాడ్ పెట్టుకొనేలా, మెడ కొంచెం పైకి ఉండేలా రెండు జాకెట్లు కుట్టిచ్చింది. ఆ ఏడాది ఆవిడ వచ్చింది. ఇంత చిన్న పనికి రెండేళ్లు పట్టింది, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

మొత్తం తీసేయాల్సిందేనా?

ఇది ఆపరేషన్‌కు ముందే అడగాల్సిన ప్రశ్న. ఒకప్పుడు ఈ ప్రశ్నకే చోటు లేదు. 1880ల నుంచి అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ నేర్పిన పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరం, చంకలోని గ్రంథులు అన్నీ తీసేసేవారు. ఎంత ఎక్కువ తీస్తే అంత క్షేమం అనుకున్నారు. దాదాపు వందేళ్లు అదే నడిచింది. తర్వాత అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసీ వేర్వేరుగా పెద్ద అధ్యయనాలు చేశారు. 20 ఏళ్లు గమనించాక ఇద్దరి ఫలితాలూ 2002లో ఒకే వైద్యపత్రికలో వచ్చాయి. తొలిదశలో ఉన్న క్యాన్సర్‌కు గడ్డ, దాని చుట్టూ కొంత భాగం మాత్రమే తీసి రేడియేషన్ ఇస్తే, రొమ్ము మొత్తం తీసేసినవారు ఎన్నేళ్లు బతుకుతున్నారో వీళ్లూ అన్నేళ్లే బతుకుతున్నారని తేలింది.

అందరికీ ఇది కుదరదు. గడ్డ బాగా పెద్దదైనా, ఒకే రొమ్ములో నాలుగైదు చోట్ల ఉన్నా, రేడియేషన్ ఇవ్వడం వీలుకాకపోయినా మొత్తం తీయాల్సి రావచ్చు. మన ఊళ్లలో చాలామంది ఆలస్యంగా వస్తారు, రేడియేషన్ కేంద్రం ఎక్కడో నగరంలో ఉంటుంది, వారాల తరబడి అక్కడ ఉండే స్తోమత ఉండదు. అందుకే అక్కడ మొత్తం తీసేయడమే ఎక్కువ. కానీ తొలిదశలో దొరికిన చోట కూడా "మొత్తం తీసేయండి డాక్టర్‌గారూ, మళ్లీ ఈ గొడవొద్దు" అని భర్తో అన్నో చెప్పేసే సందర్భాలున్నాయి. భయంతో అంటారు, ప్రేమతోనే అంటారు. కానీ ఆ ఒళ్లు ఆమెది. రెండు దారులూ ఉన్నాయని ఆమెకు తెలిశాక, ఆమె నోటితో ఆమె చెప్పాలి.

మొత్తం తీయక తప్పకపోతే మళ్లీ ఆకారం కల్పించే ఆపరేషన్ ఉంది. సిలికాన్ ఇంప్లాంట్ పెట్టొచ్చు, లేదా పొట్ట నుంచో వీపు నుంచో సొంత కండా కొవ్వూ తెచ్చి అమర్చొచ్చు. రొమ్ము తీసేటప్పుడే చేయొచ్చు, తర్వాత ఎప్పుడైనా చేయొచ్చు. అయితే ఆకారం వచ్చినా మునుపటి స్పర్శ చాలావరకు రాదన్న సంగతి ముందే తెలిసుండాలి. ఒకటికంటే ఎక్కువ ఆపరేషన్లు కావచ్చు. ఇదేమీ వద్దు, చదునుగా శుభ్రంగా కుట్టేస్తే చాలు అనుకొనే ఆడవాళ్లూ ఉన్నారు. దానికీ ఒక పద్ధతి, ఒక పేరు ఉంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2020లో ఏస్తెటిక్ ఫ్లాట్ క్లోజర్ అనే పదాన్ని తన నిఘంటువులో చేర్చింది. మళ్లీ కట్టించుకోవడం ఎంత గౌరవమో, వద్దనుకోవడమూ అంతే గౌరవం. ఎవరో బలవంతపెట్టి చేయించుకోవడమే అన్యాయం.

ఇక్కడ దక్కేవి, దక్కనివి

మనవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది వీసా. ఇక్కడ పౌరులు, రెసిడెంట్లతో పాటు, రెండేళ్లు లేదా అంతకుమించి ఉండనిచ్చే వర్క్ వీసా ఉన్నవారికి ప్రభుత్వ వైద్యం అందుతుంది. ఆ వీసాకు ముందు ఇక్కడ వరుసగా, చట్టబద్ధంగా ఉన్న కాలాన్ని కూడా కలిపి లెక్కిస్తారు. అయితే చాలామందికి తెలియనిది ఒకటుంది. భర్తకు ఆ అర్హత ఉన్నంత మాత్రాన భార్యకు రాదు. ఆమె వీసా ఆమెకు ఆ అర్హత ఇవ్వాలి. విజిటర్ వీసా మీద ఉన్న భార్యకు గడ్డ కనబడితే పరీక్షల నుంచి ఆపరేషన్ దాకా బిల్లు మన మీదే పడుతుంది. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మకైనా, అత్తకైనా ఇదే పరిస్థితి. కాబట్టి వీసా వేసేటప్పుడే ఏ రకం, ఎన్నాళ్లు అన్నది ఈ కోణంలో కూడా ఆలోచించాలి. ఇన్సూరెన్స్ తీసుకుంటే క్యాన్సర్ ఉందా, ముందే ఉన్న జబ్బుల సంగతేమిటి అని చదువుకోవాలి.

అర్హత ఉన్నవారికి ప్రభుత్వ ఆస్పత్రిలో ఆపరేషన్‌కు, పునర్నిర్మాణానికి డబ్బు కట్టక్కర్లేదు. అయితే తర్వాత చేయించుకుందాంలే అనుకుంటే క్యూ పెద్దది. క్యాన్సర్ ఉన్నవారిని ముందు పిలవాలి కాబట్టి, జబ్బు తగ్గినవారు వెనక్కి పోతుంటారు. ఆ ఎదురుచూపు ఒక్కోసారి ఏళ్లకు సాగుతుంది. అందుకే రొమ్ము తీసేటప్పుడే కుదురుతుందా అని మొదటి అపాయింట్‌మెంట్‌లోనే అడగడం మంచిది.

ఆపరేషన్ వద్దనుకున్నవారికి బ్రాలో పెట్టుకొనే సిలికాన్ రొమ్ము ఉంటుంది. దానికి, దానికి తగిన బ్రాలకు కలిపి నాలుగేళ్లకోసారి ఒక్కో వైపుకు 613 డాలర్ల 33 సెంట్ల వరకు ప్రభుత్వ సాయం ఉంది. కొంత భాగమే తీసినవారికి కూడా వర్తిస్తుంది. డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి, ఫారం నింపాలి. ఇది అడిగితేనే వస్తుంది. ఫారం పెట్టకపోతే ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు. అంత బరువు వద్దనుకొనేవారి కోసం నూలుతో అల్లిన మెత్తటి రొమ్ములను కొందరు వాలంటీర్లు ఉచితంగా ఇస్తున్నారు, ఇక్కడా, ఇండియాలోనూ.

ఇంకో హక్కు దుబాసీ. 1996 నుంచి ఇక్కడ రోగుల హక్కుల కోడ్ అమల్లో ఉంది. అవసరమైన చోట, వీలైనంతవరకు, తగిన అనువాదకుడిని కోరే హక్కు అందులో ఉంది. మనం ఏం చేస్తాం? భార్యకు ఇంగ్లీషు రాకపోతే మనమే పక్కన కూర్చుని మాట్లాడేస్తాం, లేదా కాలేజీ చదివే కొడుకుతో మాట్లాడిస్తాం. తన రొమ్ము గురించి, సంసారం గురించి ఏ తల్లి కొడుకు నోటితో అడిగిస్తుంది? అడగాల్సినవి మనసులోనే ఉండిపోతాయి. తెలుగు తెలిసిన ఆడమనిషిని అనువాదకురాలిగా అడగండి. భర్త పక్కన ఉండాలి, కానీ భార్య నోరు తాను కాకూడదు.

పోల్చుకోవడానికి అమెరికా సంగతి చెప్పుకోవాలి. అక్కడ 1998లో చేసిన చట్టం ప్రకారం, రొమ్ము తొలగింపుకు డబ్బిచ్చే ఇన్సూరెన్స్ పాలసీ పునర్నిర్మాణానికి కూడా ఇవ్వాలి. రెండో వైపు సమానంగా కనిపించేలా చేసే ఆపరేషన్‌కు, కృత్రిమ రొమ్ముకు, చెయ్యి వాపు చికిత్సకు కూడా ఇవ్వాలి. అంటే రూపం కోల్పోవడం కూడా జబ్బులో భాగమేనని ఒక దేశం చట్టంలో రాసుకుంది. గల్ఫ్‌లో ఉంటూ భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలొచ్చిన అన్నదమ్ములకు ఇంకో కష్టం. ఆపరేషన్ డబ్బులు పంపగలరు, పక్కన ఉండలేరు. వారానికోసారి ఫోన్లో "తగ్గిందా?" అని కాకుండా "ఎట్లా ఉన్నావు, అద్దంలో చూసుకోగలుగుతున్నావా?" అని అడిగితే అదీ ఒక తోడే.

పేరున్నవాళ్లు మాట్లాడారు

మన సినిమావాళ్లలో హంసానందిని 2021 డిసెంబరులో తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, అది వంశపారంపర్యంగా వచ్చే జన్యుమార్పు వల్లనని బయటపెట్టారు. ఆవిడ తల్లి కూడా ఇదే జబ్బుతో పోయారు. గుండు ఫొటోతోనే ఆ విషయం చెప్పారు. 2022 చివర్లో మళ్లీ షూటింగ్‌కు వెళ్లారు. అంతకు చాలా ముందే గౌతమి ఈ జబ్బు నుంచి బయటపడి, ఇలాంటివారి కోసం లైఫ్ అగైన్ ఫౌండేషన్ పెట్టారు. హైదరాబాద్‌లో డాక్టర్ పి.రఘురామ్ తన తల్లికి ఈ జబ్బు వచ్చాక ఆవిడ పేరుతో 2007లో ఉషాలక్ష్మి ఫౌండేషన్ ప్రారంభించారు. అక్టోబరులో చార్మినార్‌కు గులాబీ రంగు లైట్లు వేయించింది ఆ సంస్థే. రూపమే పెట్టుబడిగా బతికే నటీమణులు గుండుతో నలుగురి ముందుకు రావడం చిన్న విషయం కాదు.

కానీ నటికి ఉన్న ధైర్యం, డబ్బు, చుట్టూ మనుషులు మామూలు ఆడమనిషికి ఉండరు. "ఆవిడ అంత నవ్వుతూ ఉంది, నీకేమైంది?" అని పోల్చడం ఇంకో భారం. ధైర్యంగా ఉండు అని చెప్పడం కంటే, ఏడవాలనిపిస్తే ఏడవనివ్వడం మేలు.

మన చేతుల్లో ఉన్నవి

మగవాళ్లుగా మనం చేయగలిగినవి ఉన్నాయి. ఇక్కడ సిక్ లీవ్ మన జబ్బుకే కాదు, భార్య జబ్బు పడినా వాడుకోవచ్చు. 2021 జూలైలో దాన్ని ఏడాదికి 5 రోజుల నుంచి 10 రోజులకు పెంచారు. సైటులో పని ఆగిపోతుందని అపాయింట్‌మెంట్లకు ఒంటరిగా పంపకండి. ఫోర్‌మన్‌కు, సూపర్‌వైజర్‌కు విషయం చెప్పండి. సూపర్‌వైజర్లుగా ఉన్న మనం కూడా, కుర్రాడు ఆ మాట చెప్తే రెండో ప్రశ్న వేయకుండా పంపాలి. కట్టు విప్పే రోజు పక్కన ఉండమంటారా అని ఆమెనే అడగండి. ఉండమంటే ఉండండి, తల తిప్పుకోకండి. వద్దంటే బయట కూర్చోండి.

మన జాతిలో ఈ జబ్బు పాశ్చాత్యుల కంటే సుమారు పదేళ్ల ముందుగానే వస్తోందని డాక్టర్లు చెప్తున్నారు. ఇక్కడి ఉచిత పరీక్ష 45 ఏళ్లకు గానీ మొదలవదు. కాబట్టి 35 ఏళ్ల మనిషికైనా గడ్డ, చర్మం లోపలికి గుంజడం, చనుమొన నుంచి రక్తం లాంటివి కనిపిస్తే వెంటనే జీపీ దగ్గరికి వెళ్లాలి. 45 దాటినవారు 0800 270 200కు ఫోన్ చేసి పేరు నమోదు చేయించుకోవచ్చు. క్యాన్సర్ వచ్చాక మాట్లాడటానికి, తోడుకు క్యాన్సర్ సొసైటీ నంబరు 0800 226 237 ఉంది.

మన సంఘాలకూ ఒక మాట. బతుకమ్మ, దసరా సాధారణంగా ఈ జబ్బు మీద ప్రచారం చేసే అక్టోబరు చుట్టుపక్కలే వస్తాయి. వేదిక మీద ఒక డాక్టరు ప్రసంగం పెట్టి ఊరుకోకుండా, ఇలా జాకెట్లు కుట్టివ్వగలిగినవారు ఎవరు, ఆస్పత్రికి తోడు వెళ్లగలిగిన తెలుగు ఆడవాళ్లు ఎవరు, సబ్సిడీ ఫారం నింపడం తెలిసినవారు ఎవరు అని ఒక చిన్న జాబితా తయారుచేసి, పేర్లు బయటపెట్టకుండా అవసరమైనవారికి అందిస్తే చాలు. పెద్ద ఖర్చు లేదు, విరాళాలు అక్కర్లేదు.

స్లాబు పడగానే ఇల్లు పూర్తయిందని మా పనిలో ఎవరూ తాళాలివ్వరు. మనిషి ఉండగలిగేలా అయ్యాకే ఇస్తారు. ఆపరేషన్ సక్సెస్ అన్న రోజున వైద్యం అయిపోయిందని మనమూ అనుకోకూడదు. ఆవిడ తన ఒంట్లో తాను మళ్లీ స్థిమితంగా ఉండగలిగే రోజు వరకు ఆ పని మిగిలే ఉంటుంది. అందులో సగం డాక్టర్లది, మిగతా సగం మనది.

(రచయిత ఆక్లాండ్‌లోని న్యూ లిన్‌లో ఉంటూ నిర్మాణరంగంలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నారు)